ఈ ఆషాఢంలోనైనా ‘సెవెన్’ నుంచి దిగుదాం

మా జిల్లా ఫోటో, వీడియోగ్రాఫర్ల సంఘం పెద్దలకు, కలర్ ల్యాబుల వాళ్లకు, ఇళ్లలో కూర్చుని పేజీల లెక్కన ఆల్బం డిజైన్లు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలిసినవాణ్ణే. మండల కేంద్రంలో బస్టాండు ఎదురు సందులో, మెడికల్ షాపు పక్కన చిన్న ఆల్బం డిజైనింగ్ షాపు నాది. నడుం నొప్పి వల్ల పెళ్లిళ్లకి కెమెరా పట్టుకుని వెళ్లడం పన్నెండేళ్ల కిందటే మానేశాను. డిజైన్లు మాత్రం 2003 నుంచి ఆపింది లేదు. సంఘం మీటింగుల్లో ఇంతకాలం వెనక కుర్చీలో కూర్చుని, టీ తాగి, సంతకం పెట్టి వచ్చేసేవాణ్ణి. మనం ముద్దుగా ‘సెవెన్’ అనే ఫోటోషాప్ 7.0, అంటే ఫోటోలు దిద్దే ఆ పాత సాఫ్ట్‌వేర్ వదిలి అందరం కలిసి కొత్త వెర్షన్‌కి మారదామని అడగడానికి ఈ ఉత్తరం. ఇంత పెద్దగా రాయడానికి కారణం ఒక బామ్మగారు.

మొన్న మాఘమాసంలో పక్క ఊళ్లో పెళ్లి. నలభై షీట్ల ఆల్బం, 12 బై 36 సైజు. మంచి లెదర్ బాక్సు, పైన పెళ్లికూతురి ఫోటో. ఇచ్చి రావడానికి నేనే వెళ్లాను, బాకీ కూడా వసూలవుతుందని. హాల్లో అందరూ చుట్టూ చేరారు. బామ్మగారు కళ్లజోడు సర్దుకుని నాలుగో షీటు దగ్గర ఆగి, “ఇదెవర్రా? మన పిల్లేనా? పెళ్లినాటికి దీనికి ఇన్ని బుగ్గలెక్కడివి?” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ పిల్ల నవ్వలేదు.

షాపుకొచ్చి ఆ షీటు పీఎస్‌డీ, అంటే ఫోటోషాప్ ఫైలు, తెరిచాను. ఫోటోని స్మార్ట్ ఆబ్జెక్టుగా, అంటే దాని అసలు సైజు గుర్తుండేలా, పెట్టుకున్నాను కాబట్టి సైజు మార్చే కంట్రోల్ టి కొట్టగానే పైన లెక్క బయటపడింది. అసలు సైజులో వెడల్పు 46 శాతం, ఎత్తు 43 శాతం. రెండూ ఒక్కటే ఉండాలి. పక్క ఫోటో 38, 36. ఆ పక్కది 51, 52. అంటే ఒకచోట పిల్ల లావైంది, ఇంకోచోట సాగింది. ఆ ఆల్బంలో అలాంటివి పదకొండు దొరికాయి. బైండింగు విప్పించి, నా డబ్బులతో షీట్లు మళ్లీ కొట్టించి ఇచ్చాను.

తప్పు నాదే. ఎలా జరిగిందో మీకు చెప్పాలి, ఎందుకంటే అదే తప్పు మీ షాపులోనూ జరుగుతూ ఉండొచ్చు, మీ బామ్మలు మొహమాటపడి చెప్పి ఉండకపోవచ్చు.

మనమంతా ఫోటోషాప్‌లో మొదటిరోజు నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఫోటో సైజు మార్చేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టి మూల లాగాలి. షిఫ్ట్ వదిలేస్తే ఫోటో సాగిపోతుంది. నాకు నేర్పిన మా గురువుగారు షిఫ్ట్ మర్చిపోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవారు. ఇరవై ఏళ్లలో ఆ చిటికెన వేలు షిఫ్ట్ మీదే అతుక్కుపోయింది. 2018 అక్టోబరులో వచ్చిన 2019 వెర్షన్ నుంచి ఆ పద్ధతి తిరగబడింది. ఇప్పుడు ఏమీ నొక్కకుండా లాగితేనే ఫోటో కొలత తప్పకుండా ఉంటుంది. షిఫ్ట్ నొక్కితే చేయి ఎటు పోతే అటు సాగుతుంది. నేను పాత వెర్షన్ మీద నుంచి ఒక్క రాత్రిలో కొత్తదానికి మారాను. కంప్యూటర్ మారింది కానీ నా చిటికెన వేలు మారలేదు.

అదే వెర్షన్లో కంట్రోల్ జెడ్ కూడా మారింది. మునుపు ఒకసారి నొక్కితే వెనక్కి, మళ్లీ నొక్కితే ముందుకి వచ్చేది. పని ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని పోల్చి చూసుకోవడానికి మనం టకటకా కొట్టేవాళ్లం. ఇప్పుడు కొట్టినకొద్దీ వెనక్కే పోతుంది. ఒక కుర్రాడు గంటసేపు చేసిన స్కిన్ టచింగ్ అలా కొట్టీ కొట్టీ పోగొట్టుకుని, హిస్టరీ సంగతి తెలియక ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చాడు. ఈ రెండింటినీ పాత పద్ధతికి మార్చుకునే వీలు ఉంది. ప్రిఫరెన్సెస్‌లో జనరల్‌లో ‘యూజ్ లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫామ్’ అని ఒకటి, కీబోర్డ్ షార్ట్‌కట్స్ కిటికీలో ‘యూజ్ లెగసీ అండూ షార్ట్‌కట్స్’ అని ఒకటి. రెండు టిక్కులు. ఈ సంగతి ఎవరైనా ముందు చెప్పి ఉంటే బామ్మగారికి అంత మాట అనే పని ఉండేది కాదు. సంఘానికి ఈ ఉత్తరం రాయడం అందుకే. కొత్త వెర్షన్ వేసుకోవడం ఎవరి షాపులో వాళ్లు రాత్రిపూట గుట్టుగా చేసుకునే పని అనుకుంటున్నాం. అది అందరం కలిసి, ఒకేసారి, నేర్చుకుని చేయాల్సిన పని.

మన జిల్లాలో ప్రస్తుతం పరిస్థితి ఇదీ. పాతవాళ్లలో సగానికి సగం ఇంకా ఫోటోషాప్ 7.0 మీదే ఉన్నారు. అది వచ్చింది 2002లో. కొంతమంది 2012 నాటి సిఎస్6 దగ్గర ఆగారు. కుర్రాళ్ల దగ్గర ఏ ఏడాదిదో సిసి, అంటే నెలనెలా డబ్బు కట్టి వాడాల్సిన కొత్త రకం ఫోటోషాప్, ఉంటుంది, అదీ పెన్‌డ్రైవ్‌లో వచ్చిన దొంగ కాపీ. నెలనెలా డబ్బు కట్టి వాడేవాళ్లు ఒక చేతి వేళ్లకి సరిపోతారు. ఇన్ని రకాల వాళ్లం ఒకరి ఫైళ్లు ఒకరం ముట్టుకోకుండా బతకగలిగితే ఏ గొడవా లేదు. కానీ ఫోటోగ్రాఫర్ ఫోటోలు ఇస్తాడు, డిజైనర్ పీఎస్‌డీ పంపుతాడు, పేరులో తప్పుందని ఫోటోగ్రాఫరే అది తెరిచి దిద్దబోతాడు. కొత్తదాంట్లో చేసిన ఫైలు సెవెన్‌లో తెరిస్తే ‘నాకు తెలియని డేటా ఉంది, పారేసి తెరవనా’ అని అడుగుతుంది. మనవాళ్లకి ఇంగ్లీషు మెసేజీ చదివే ఓపిక ఎక్కడిది, ఓకే కొట్టేస్తారు. స్మార్ట్ ఆబ్జెక్టులు మామూలు బొమ్మలైపోతాయి, కొన్ని ఎఫెక్టులు మాయమైపోతాయి. అదే ఫైలు సేవ్ చేసి డిజైనర్‌కి తిప్పి పంపుతారు. “నువ్వు పాడు చేశావంటే నువ్వు” అని ఫోన్లో తగువు. ఈ తగువులు తీర్చడానికి మన కోశాధికారి గారు ఎన్నిసార్లు మధ్యలో కూర్చున్నారో ఆయన్నే అడగండి.

సెవెన్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు. నా పిల్లల ఫీజులు కట్టింది అదే. మచ్చలు మాయం చేసే హీలింగ్ బ్రష్ మొదట వచ్చింది సెవెన్‌తోనే. అంతకుముందు స్టాంపు టూల్‌తో పక్క చర్మం తెచ్చి అతికించేవాళ్లం, మొహం మీద అతుకుల బొంతలా కనిపించేది. చిన్న కంప్యూటర్లో కూడా చకచకా నడుస్తుంది, ఇంటర్నెట్ అడగదు, లాగిన్ అడగదు. కరెంటు పోయి వచ్చినా ఏమీ అననట్టు మళ్లీ తెరుచుకుంటుంది.

అయితే అది పుట్టిన కాలానికి ఆల్బం అంటే ఏమిటి? 5 బై 7 ప్రింట్లు, మూలల్లో అంటించుకునే ఆల్బం. ఇప్పుడు మనం చేసే 12 బై 36 షీటు లెక్క చూడండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 బై 10800, అంటే 3 కోట్ల 88 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఒక్క బ్యాక్‌గ్రౌండ్ లేయరే 111 ఎంబీ. దాని మీద ఇంకో పూల బ్యాక్‌గ్రౌండు వేస్తే మరో 111. పది లేయర్లు పెట్టాక సెవెన్ ఆయాసపడడం దాని తప్పు కాదు. మీరు పదహారు జీబీ ర్యామ్ కొని వేసినా అది సుమారు రెండు జీబీ దాటి ముట్టుకోలేదు. అది 32 బిట్ కాలం నాటిది. విండోస్‌లో 64 బిట్ ఫోటోషాప్ వచ్చిందే 2008లో, సిఎస్4తో. ర్యామ్ చాలక హార్డ్ డిస్క్‌లో వాడుకునే చోటు కూడా నిండి ‘స్క్రాచ్ డిస్క్ ఫుల్’ అని వచ్చినప్పుడల్లా మనం ఇంకో హార్డ్ డిస్క్ కొనుక్కుంటూ కూర్చున్నాం.

కెమెరా వైపు నుంచి కూడా చూడండి. సిఎస్6 వాడే మిత్రుడొకడు కొత్తగా కెనాన్ మిర్రర్‌లెస్ కొన్నాడు. రా ఫైళ్లు, అంటే కెమెరా ఏమీ దిద్దకుండా దాచే అసలు ఫైళ్లు, తెరుచుకోవడం లేదని కెమెరా పాడైందనుకుని షోరూముకి పరిగెత్తాడు. 2018 నుంచి కెనాన్ కొత్త కెమెరాల్లో రా ఫైలు సిఆర్3 అనే కొత్త రకంలో వస్తోంది. 2012 నాటి సాఫ్ట్‌వేర్‌కి దాని మొహం తెలియదు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ వాళ్లే ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌లో వేసి మార్చుకుంటే పాతదాంట్లోనూ తెరుచుకుంటుంది. మూడు వేల ఫోటోల పెళ్లికి ప్రతిసారీ అలా మార్చుకుంటూ కూర్చుంటే ఎంత రాత్రి అవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. మనల్ని సెవెన్‌కి కట్టిపడేసింది హీలింగ్ బ్రష్ కాదు, డబ్బు కూడా పూర్తిగా కాదు. తెలుగు.

మన చేతులకి అలవాటైంది అను ఫాంట్లు, ఆ కీబోర్డు. ప్రియాంక, పల్లవి, బ్రహ్మ అని కళ్లు మూసుకుని ఏ ఫాంటు ఏ శుభలేఖకి నప్పుతుందో చెప్పగలం. అవి అందమైన అక్షరాలు, సందేహం లేదు. కానీ అవి యూనికోడ్ కావు, అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతివి కావు. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు లేని కంప్యూటర్లో పేరు మీద క్లిక్ చేసి ఒక్క అక్షరం మార్చబోయారో, ‘చి.ల.సౌ.’ కాస్తా ఇంగ్లీషు అక్షరాల చెత్తకుప్ప అవుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, ముట్టుకోనంతసేపూ బాగానే కనబడుతుంది. అందుకే చివరి నిమిషం దాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పెళ్లివారు పేర్లు కాగితం మీద రాసివ్వడం లేదు, వాట్సాప్‌లో పంపుతున్నారు. చక్కటి యూనికోడ్ తెలుగులో, తప్పుల్లేకుండా. దాన్ని సెవెన్‌లో పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి, గుణింతాలు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. కాబట్టి ఫోన్ పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కొడతాం. రాత్రి పదకొండు గంటలకి, కళ్లు మూతలు పడుతుండగా కొడతాం. నా షాపులో ఒక కుర్రాడు ‘కృష్ణవేణి’ని ‘కష్టవేణి’ చేశాడు. వట్రుసుడి ఎగిరిపోయింది, ణవత్తు టవత్తైంది. ఆల్బం మొదటి పేజీలో, బంగారు రంగులో. అదృష్టం బాగుండి ల్యాబ్‌లో మిషన్ దగ్గర నిలబడే అన్న చూసి ఫోన్ చేశాడు. ఆ అన్నకి నేను జన్మంతా టీ ఇప్పించినా తక్కువే.

కొత్త వెర్షన్లలో ఈ బాధ తీరింది, మనకే తెలియలేదు. మధ్యకాలపు సిసి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోటికి వెళ్లి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అన్నది ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిస్తే తెలుగు యూనికోడ్ వత్తులతో సహా సరిగ్గా కూర్చుంటుంది. మా కుర్రాడు ఏడాదిపాటు సిసి వాడుతూ కూడా అను ఫాంట్లలోనే కొట్టాడు, ఈ ఒక్క సెట్టింగు తెలియక. ‘సిసిలో తెలుగు రాదు అన్నా’ అని నాతోనే వాదించాడు.

“యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవు” అనేవాళ్లకి నాదో మనవి. సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటి పేర్లు చూస్తే రాయలవారి సభ మొత్తం దిగింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సురన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ, వాళ్లతోపాటు శ్రీకృష్ణదేవరాయ కూడా. పెళ్లికొడుకు పేరుకి రామభద్ర వేసి చూడండి, ఎంత లావుగా, నిండుగా ఉంటుందో. కిందనున్న చిరునామాకి మండలి వేస్తే చిన్న సైజులోనూ చదవగలం. ప్రియాంక అందం రాదంటారా? రాదు, ఒప్పుకుంటాను. కొన్ని శుభలేఖలకి నేను ఇప్పటికీ పాత కంప్యూటర్ మీదే పేరు కొట్టి, షేపుగా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మగా, మార్చి తెచ్చుకుంటాను. ఆ కంప్యూటర్‌కి నెట్ పీకేసి మూలన పెట్టాను. దుమ్ము దులపడం, పాత ఫైళ్లు తెరవడం, అంతే దాని పని.

ఇప్పుడు చేదు మాట. పెన్‌డ్రైవ్ మాట.

మనలో ఎవరూ పతివ్రతలం కాదు. నా సెవెన్ కూడా కొన్నది కాదు, 2003లో ముప్పై రూపాయల సీడీ. ఆ రోజుల్లో అది తప్పని కూడా తెలియదు, తెలిసినా కొనే స్తోమత లేదు. నేను ఎవరికీ నీతులు చెప్పడానికి రాయడం లేదు. కానీ అప్పటి క్రాక్, అంటే తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, వేరు, ఇప్పటి క్రాక్ వేరు. ఇప్పుడు ఎవరు పెన్‌డ్రైవ్ ఇచ్చినా అందులో ఒక టెక్స్ట్ ఫైలుంటుంది చూడండి, మొదటి లైనే ‘యాంటీవైరస్ ఆపేయండి’ అని. దొంగ వస్తున్నాడు, కుక్కని కట్టేయండి అన్నట్టుంది. మనం బుద్ధిగా కట్టేస్తున్నాం.

రెండేళ్ల కిందట నేనూ కట్టేశాను. ఇన్‌స్టాల్ అయింది, తెరుచుకుంది, సంబరపడ్డాను. మర్నాడు పొద్దున షట్టరు తీసి చూస్తే ప్రతి ఫోటో పేరు వెనక ఏవో నాలుగు అక్షరాలు తోకలా తగిలి ఉన్నాయి. ఏదీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్లోనూ ఒక చిన్న ఉత్తరం, డాలర్లు పంపమని. మూడు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షను, ఒక షష్టిపూర్తి. రెండు పెళ్లిళ్ల కార్డులు ఫోటోగ్రాఫర్ల దగ్గర ఇంకా చెరిపేయకుండా ఉన్నాయి కాబట్టి బతికాను. షష్టిపూర్తి పూర్తిగా పోయింది. ఆ పెద్దాయన మరుసటి ఏడాదే కాలం చేశారు. వాళ్ల అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకని నా మొదటి విన్నపం, సంఘం వాట్సాప్ గ్రూపులో ‘లేటెస్ట్ వెర్షన్ కావాలంటే నా దగ్గరుంది, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి’ అనే మెసేజీలు ఆపించండి. పెట్టేవాళ్లు మంచి మనసుతోనే పెడుతున్నారు, తెలుసు. అయినా ఆపించండి.

మరి డబ్బు సంగతేమిటి అంటారు. నిజమే. 2013 నుంచి అడోబీ వాళ్లు ఫోటోషాప్ కొత్త వెర్షన్ని ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి ఎత్తేశారు. కరెంటు బిల్లులాగా నెలకో, ఏడాదికో కట్టుకుంటూ పోవాలి. కట్టడం ఆపితే తలుపు మూసుకుంటుంది. మన పీఎస్‌డీలు మన హార్డ్ డిస్కులోనే ఉంటాయి, తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గర. ఈ పద్ధతి నాకు నచ్చదు, నచ్చకుండానే కడుతున్నాను. ఆషాఢంలో, మూఢాల్లో రూపాయి ఆదాయం ఉండదు, అయినా బిల్లు ఆగదు. చిన్న షాపులవాళ్లకి ఇది భారమేనని సంఘం తరఫున ఆ కంపెనీకి ఒక ఉత్తరం రాస్తే తప్పేం లేదు. పలుకుతారో లేదో తర్వాత సంగతి. ఒక విషయం మాత్రం చాలామందికి తెలియదు. ఒక్కరి పేరు మీద తీసుకున్నది రెండు కంప్యూటర్లలో వేసుకోవచ్చు, ఒకేసారి రెండింట్లో వాడకూడదు, అంతే. పగలు షాపులో, రాత్రి ఇంట్లో పనిచేసేవాళ్లకి ఒక్కటి చాలు.

కట్టలేనివాళ్లకి దారి లేకపోలేదు. గింప్ అని పూర్తిగా ఉచితమైనది ఉంది, 1990ల నుంచీ ఉంది. 2025 మార్చిలో దాని 3.0 వచ్చింది. నేను ఒక నెల రోజులు పట్టుబట్టి వాడి చూశాను. తెలుగు యూనికోడ్ ఏ సెట్టింగూ అడక్కుండా చక్కగా వస్తుంది. పీఎస్‌డీలు తెరుస్తుంది కానీ అన్నీ ఉన్నవున్నట్టు రావు. ఒక ఫిల్టర్ వేశాక దాన్ని తర్వాత మళ్లీ సవరించుకునే వీలు ఇంతకుముందు లేదు, 3.0లో వచ్చింది. నా చేయి మాత్రం దానికి తిరగలేదు, అబద్ధం ఎందుకు. ఈ వయసులో పెరటి దారి మార్చుకోవడమే కష్టం. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి ఆ ఇబ్బంది లేదు. ల్యాబ్‌కి మనం పంపేది ఎలాగూ జేపెగే కదా, అది ఏ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిందో ల్యాబ్ మిషన్ అడగదు.

ల్యాబుల వాళ్లకి ఒక మాట. మీరు తలుచుకుంటే ఈ గందరగోళం సగం తగ్గుతుంది. ఫైలు ఏ కలర్ ప్రొఫైల్లో కావాలి, ఎంత రిజల్యూషన్, కటింగ్‌కి అంచున ఎంత వదలాలి అన్నది ఒక్క కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించండి. ఇప్పుడు ఒక్కో ఆపరేటర్ ఒక్కో మాట చెబుతాడు. కొత్త వెర్షన్‌కి మారిన కుర్రాడు కలర్ సెట్టింగులు ఎలా ఉన్నాయో చూసుకోకుండా పంపుతాడు, ప్రింటులో పెళ్లికూతురి పసుపు బట్టలు బురదరంగుకి తిరుగుతాయి. తప్పు వెర్షన్ మీదకి పోతుంది. “పాతదాంట్లో బాగా వచ్చేవి” అని మళ్లీ సెవెన్‌కి వెళ్లిపోతాడు. అలా వెనక్కి వెళ్లినవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు.

కొత్తదాంట్లో మెచ్చుకోవాల్సింది లేదా అంటే, ఒక్కటి చెబుతాను. తండ్రి చనిపోయిన పిల్ల పెళ్లికి, కన్యాదానం ఫోటోలో తల్లి పక్కన ఆయన్ని నిలబెట్టమని అడుగుతారు. మనందరికీ ఏటా నాలుగైదు వస్తాయి ఇలాంటివి. రేషన్ కార్డు కోసం తీయించుకున్న ఫోటోనో, గ్రూప్ ఫోటోలో మూడో వరుసలో నిలబడిన మొహమో తెచ్చిస్తారు. సెవెన్‌లో ఒక జుట్టు చుట్టూ పెన్ టూల్‌తో తిరగడానికే నాకు గంట పట్టేది, అప్పటికీ అట్టముక్కలా కత్తిరించినట్టే ఉండేది. ఇప్పుడు సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కి, అంచులు కాస్త దిద్దుకుంటే మనిషి వచ్చేస్తాడు. మిగిలిన టైము నేను ఆయన మీద పడే వెలుగు ఎటు నుంచి రావాలో చూసుకోవడానికి వాడుతున్నాను. ఈమధ్య ఒకావిడ ఆ ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత “ఈ చొక్కా ఆయనకి ఇష్టమైనది” అంది.

ఫోటోలో లేనిదాన్ని కొత్తగా పుట్టించి నింపే జనరేటివ్ ఫిల్ గురించి మాత్రం జాగ్రత్త. అది మన కంప్యూటర్లో జరిగే పని కాదు, బొమ్మ నెట్ ద్వారా వాళ్ల సర్వర్‌కి వెళ్లి అక్కడ తయారై వస్తుంది. ఊళ్లో ఆడపిల్లల ఫోటోలు మనల్ని నమ్మి ఇస్తారు. ఈ టూల్ వాడేముందు పెళ్లివారికి ఒక మాట చెప్పి వాడదామని సంఘం తీర్మానం చేస్తే బాగుంటుంది. నేను నా రసీదు పుస్తకంలో వెనక ఒక లైను అచ్చు వేయించుకున్నాను.

ఇప్పుడు పెద్దల్ని అడగాల్సింది అడుగుతాను. ప్రతి ఏటా ఆగస్టు 19న, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు, మనం ర్యాలీ తీస్తాం, కేక్ కోస్తాం, డాగెరే గారి ఫోటోకి దండ వేస్తాం. 1839లో ఆ రోజున ఆయన పద్ధతిని ప్రపంచానికి బయటపెట్టారు. వెండిపూత రాగిరేకు మీద ఫోటో. రెండు దశాబ్దాలు తిరిగేసరికి దాని స్థానంలో గాజుపలకలు వచ్చాయి. మనం దండ వేసే మనిషి పద్ధతే అంత త్వరగా మూలపడితే, 2002 నాటి సాఫ్ట్‌వేర్‌ని మనం ఇంకా నెత్తిన పెట్టుకుని మోస్తున్నాం. పైగా ఎక్కువ ఏళ్లు ఆగస్టు 19 శ్రావణంలో పడుతుంది. సగం మంది పెళ్లి మండపం నుంచి బ్యాటరీలు మార్చుకునే సందులో వచ్చి దండ వేసి పరిగెడతారు. ఆ రోజు ఎవరికి ఏం నేర్పుతాం?

ఆషాఢం అయితే అందరం ఖాళీ. షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. ఆ నెలలో మూడు మధ్యాహ్నాలు, మన కల్యాణమండపం పైన ఉన్న చిన్న హాలు చాలు. మొదటి రోజు అంతా తెలుగుకే ఇవ్వాలని నా కోరిక. యూనికోడ్ కీబోర్డు ఎలా పెట్టుకోవాలి, ఫాంట్లు ఎలా దించుకోవాలి, అను ఫాంట్లతో చేసిన పాత పీఎస్‌డీల్లో పేర్లని సెవెన్‌లో ఉండగానే షేపులుగా మార్చి ఎలా దాచుకోవాలి. తర్వాత షిఫ్ట్, కంట్రోల్ జెడ్. ఇది ఐదు నిమిషాల పాఠమే కానీ చేతులకి రెండు గంటలు పట్టాలి, ఊరికే వింటే వేలు మాట వినదు. మూడో రోజు ల్యాబుల వాళ్లు వచ్చి వాళ్ల కాగితం చదివి వినిపించాలి, మనం అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఆ శ్రావణం మొదటి పెళ్లి ఆల్బం నుంచి ఎవరి దగ్గర ఎవరికి ఫైలు వెళ్లినా ఒకటే పద్ధతి అని తీర్మానం రాసుకుందాం. ఒకడు ముందు, ఇంకొకడు ఆర్నెల్ల తర్వాత మారితే మళ్లీ ‘తెలియని డేటా’ తగువులే.

ఆలస్యం చేయడానికి కూడా ఇక సాకు లేదు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. ఇవాళో రేపో మన పాత డబ్బాలు చచ్చిపోతాయి, కొత్త డబ్బా కొంటాం, అందులో సెవెన్ ఎన్నాళ్లు సరిగ్గా నడుస్తుందో ఎవరు చూడొచ్చారు. అప్పుడు ముహూర్తాల మధ్య, టెన్షన్‌లో, ఎవడో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో మారతాం. నేను మారినట్టే.

వేదిక మీద కుర్చీ, శాలువా నాకొద్దు. ప్రొజెక్టరు నా దగ్గరుంది, తెర కూడా ఉంది, కాస్త మరకలున్నాయి కానీ పనిచేస్తుంది. హాలు అద్దెలో నా వాటా ఇప్పుడే కోశాధికారి గారికి ఇచ్చేస్తాను. ఆ బామ్మగారి మనవరాలి ఆల్బం పాత షీట్లు పదకొండూ నా దగ్గరే ఉన్నాయి, మొహాలు కనబడకుండా స్టిక్కర్లు అంటించి పట్టుకొస్తాను. ఏ ఫోటో సాగిందో, ఏది సరిగ్గా ఉందో ముందు కళ్లతో చెప్పమందాం. మనలో ఎంతమందికి తేడా తెలుస్తుందో నాకూ చూడాలని ఉంది.

ఇట్లు,
బస్టాండు ఎదురు సందులో ఆల్బం డిజైనర్